ఆరువందల పద్నాలుగో కుండీ

పరిశోధనా కేంద్రానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయని, ఆ సందర్భంగా ఒక పుస్తకం వేస్తున్నామని, పాతవాళ్ళు తమ జీవితం గురించి నాలుగు పేజీలు రాసి పంపాలని ఉత్తరం వచ్చింది. నాకు పంపడం న్యాయమే. నేను ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా ఆ కేంద్రంలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశాను, అందులో పాతికేళ్ళు గ్లాస్‌హౌస్‌లకు మేస్త్రీగా ఉన్నాను. పద్నాలుగు గ్లాస్‌హౌస్‌లు నా మాట మీద నడిచాయి. పిడికెడు మట్టి నలిపి చూసి అందులో తడి ఎంతుందో చెప్పేవాణ్ణి. మీటరు పెట్టి చూసినవాళ్ళు తర్వాత మీటరు తేవడం మానేశారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు నలభైమంది నా దగ్గర కుండీ నింపడం నేర్చుకున్నారు. వాళ్ళలో ఇద్దరు డైరెక్టర్లయ్యారు. వడగళ్ళు పడి పైకప్పు పగిలిన రోజున రెండువేల కుండీలు ఒక్క పూటలో గోడౌనులోకి చేర్పించాను, ఒక్క కొమ్మ విరగలేదు. ఉత్తమ గ్లాస్‌హౌస్ షీల్డు గెలిచాను. ఇవన్నీ రికార్డుల్లో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

కానీ ఈ నాలుగు పేజీలూ నా గురించి కాదు, నా చెల్లెలి గురించి. ఆ కేంద్రం రికార్డుల్లో ఆమె పేరు ఒక్కచోటే ఉంది. ఆ ఒక్కచోట రాసింది కూడా నిజం కాదు.

ఆమె నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నది. అమ్మ పోయాక నా దగ్గరే పెరిగింది. ఇరవై రెండో ఏట నేనే కేంద్రంలో రోజు కూలీగా పెట్టించాను, వాడేసిన కుండీలు కడిగే పని. మొక్కల జబ్బుల విభాగానికి పెద్ద ఒకావిడ ఉండేది, అందరం డాక్టరమ్మ అనేవాళ్ళం. ఒకరోజు ఆవిడ టమాటా మొక్కలు చూస్తూ నడుస్తుంటే నా చెల్లెలు తడి చేతులతోనే వెనకాల నిలబడి, అమ్మా, ఆ మూలదానికి రేపు మచ్చలొస్తాయి అంది. డాక్టరమ్మ నవ్వి ఊరుకుంది. మర్నాడు సరిగ్గా ఆ మొక్కకే మచ్చలొచ్చాయి. ఎలా చెప్పావని అడిగితే, ఆకు మెరుపు తగ్గింది కదమ్మా, మీకు కనబడలేదా అని ఎదురు అడిగింది. ఆ వారంలోనే ఆమెను కుండీల దగ్గర్నుంచి తీసి ఆకుల దగ్గర పెట్టారు. అప్పటినుంచీ చిన్నా పెద్దా అందరికీ ఆమె మచ్చలక్క.

పెళ్ళి మాట ఎత్తితే కూడా ఆమెకు ఆ పేరే సాయం వచ్చేది. మచ్చ లేనివాణ్ణి ఒకణ్ణి తెచ్చి చూపించండి, అప్పుడు ఆలోచిస్తాను అనేది. నేను తెచ్చిన నలుగురిలోనూ ఏదో ఒక మచ్చ పట్టేసింది. మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆమె చేసిన పని ఏమిటో చెప్పాలి. జబ్బు తెచ్చే బ్యాక్టీరియాను నీళ్ళలో కలుపుతారు, ఆ నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉంటాయి. సూది తీసేసిన సిరంజిలోకి వాటిని పీల్చి, ఆకు అడుగున సిరంజి మూతి ఆనించి, పైనుంచి వేలు అడ్డం పెట్టి మెల్లగా నొక్కాలి. గట్టిగా నొక్కితే ఆకు చిరుగుతుంది, మెత్తగా నొక్కితే నీళ్ళు లోపలికి పోవు. సరిగ్గా నొక్కితే ఆకులో ముదురు రంగు తడి మరక పరుచుకుంటుంది. దాని చుట్టూ పెన్నుతో గీత గీసి, ఆ గీత లోపల ఏం జరుగుతోందో గంటలు లెక్కపెట్టి చూడాలి. చూసి రిజిస్టరులో రాయాలి. దీన్నే ఆకు చదవడం అనేవాళ్ళు. నా చెల్లెలు రోజుకు మూడువందల ఆకులు చదివేది.

ఆకులో అసలేం జరుగుతుందో డాక్టరమ్మ బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పేది. నా చెల్లెలు దాన్ని ఇంటికి తెచ్చి వంటింట్లో మా ఆవిడకు చెప్పేది. ఒక ఆదివారం చెప్పిన మాటలు నాకిప్పటికీ వినిపిస్తాయి.

"దొంగ గోడ దూకగానే ముందు కుక్క మూతి కట్టేస్తాడు వదినా. కుక్క మొరక్కపోతే ఇల్లంతా వాడిదే. బ్యాక్టీరియా కూడా అంతే. కంటికి కనబడని సూదితో ఆకు కణంలోకి తన ప్రొటీన్లు ఎక్కించి, అరిచేవాటి నోళ్ళు మూయిస్తుంది. కొన్ని మొక్కల్లో మాత్రం ఒక కాపలావాడుంటాడు. వాడికి దొంగ మొహం కూడా తెలీదు. కుక్క మూతినే చూస్తూ కూర్చుంటాడు. మూతికి గుడ్డ కనబడిందా, దొంగ ఉన్న గదికి బయట గడియ పెట్టి నిప్పంటించేస్తాడు. గది పోతుంది, దొంగ పోతాడు, ఇల్లు మిగులుతుంది."

"ముందూ వెనకా చూడకుండా తగలెట్టేస్తాడా? అలాంటివాడు మనింట్లోనూ ఒకాయనున్నాడుగా" అని మా ఆవిడ నా వైపు చూసింది. ఇద్దరూ నవ్వారు.

నేను పేపరు దించకుండానే, ఎండిన ఆకు ఎండిన ఆకే, దానికి కథలెందుకు అన్నాను.

"అన్నీ ఒకటి కాదు అన్నయ్యా" అంది. "మెల్లగా ఎండింది జబ్బు. ఒక్కరోజులో ఎండిందంటే, ఆ మొక్క బతుకుతుంది."

ఆ మాట నేను విన్నాను. వినలేదని చెప్పుకునే అవకాశం నాకు లేదు. కానీ ముప్పై ఏళ్ళుగా మొక్కలతో ఉన్నవాణ్ణి, మొక్క సంగతి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను.

ఆ రోజుల్లో టమాటాకు కొత్త జబ్బు వచ్చింది. జబ్బు పాతదే, బ్యాక్టీరియాలో కొత్త తెగ పుట్టింది. దొంగ తన గుడ్డ కాపలావాడికి కనబడకుండా కట్టడం నేర్చుకున్నాడని నా చెల్లెలు చెప్పేది. అప్పటిదాకా తట్టుకున్న రకాలన్నీ చేలల్లో వరసగా పడిపోయాయి. ఈ కొత్త దొంగను పసిగట్టే కాపలావాడు ఏ అడవి టమాటాలోనైనా ఉన్నాడేమో వెతకాలని డాక్టరమ్మ పని మొదలుపెట్టింది. దేశదేశాల నుంచి విత్తనాల పొట్లాలు వచ్చేవి. నేను మొలకెత్తించేవాణ్ణి, ఆమె చదివేది. ఆరేళ్ళలో ఆరువందల పదమూడు పొట్లాలయ్యాయి. ఒక్కదాంట్లోనూ లేదు. అన్నిట్లోనూ మొదటిరోజు ఆకు పచ్చగానే ఉండేది, మూడోరోజుకు నీరు కమ్మేది, ఐదోరోజుకు మచ్చల చుట్టూ పసుపు రంగు తిరిగేది. ఆమె లేదు, లేదు అని రాసుకుంటూ పోయింది.

ఐదో ఏడు నడుస్తుండగా ఆమె నడకలో ఒక తేడా గమనించాను. పక్కనున్న కుండీని చూడాలంటే తల మొత్తం తిప్పేది. గట్టిగా అడిగితే చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటోందట, పక్కచూపు సగం పోయిందట, మందులు వేసినా రెండేళ్ళకు మించి ఆగదన్నారట. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆకులు చదవనివ్వరు.

"నడిమి చూపు బాగానే ఉంది అన్నయ్యా. ఆకు చూడ్డానికి అంత చాలు. ఒక్క కాపలావాణ్ణి పట్టుకున్నానంటే ఇక పోతే పోనీ" అంది.

ఆమె కోరిందల్లా అదే. నేను చూపించిన సంబంధాల్లో దేన్నీ ఆమె అంతగా కోరుకోలేదు.

ఆరువందల పద్నాలుగో పొట్లం చాలా పాతది. కాగితం ముట్టుకుంటే పెళుసుగా విరిగేది. లోపల పదకొండు విత్తనాలున్నాయి. ఏదో కొండవాలులో దొరికిన చేదు టమాటా, కాయ శనగగింజంత ఉంటుందని పొట్లం మీద రాసి ఉంది. ఆ పదకొండింటినీ మొలిపించడానికి నాకు తెలిసిన విద్యలన్నీ వాడాను. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాను, తొక్కను సన్నటి గరుకు కాగితం మీద రుద్దాను, తడి గుడ్డలో చుట్టి బల్బు కింద పెట్టాను. ఒక్కటి మొలిచింది. ఆ ఒక్కటి మొలవడం నా పనితనమే, ఆ మాట ఇప్పటికీ చెబుతాను. దాన్ని ఐదాకుల దాకా పెంచి ఆమె చేతికిచ్చాను.

ఒక బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు మూడు ఆకులకు సిరంజి పెట్టింది. గీతలు గీసి, కుండీని తలుపు దగ్గర వెలుతురు బాగా పడే వరసలో పెట్టింది. మర్నాడు పొద్దున కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని, వచ్చేసరికి పదకొండవుతుందని, అందాకా తన కుండీలను ఎవర్నీ ముట్టుకోనివ్వద్దని నాకు అప్పజెప్పింది. నేనుండగా ఎవడు ముట్టుకుంటాడే, వెళ్ళిరా అన్నాను.

ఆ వారమే షీల్డు కోసం గ్లాస్‌హౌస్‌లు చూసే కమిటీ వస్తోంది. గురువారం మధ్యాహ్నం మా బ్లాకు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ షీల్డు నాకు ఒక్కసారీ రాలేదు. అవతలి బ్లాకు మేస్త్రీ మూడుసార్లు గెలిచాడు. కనబడినప్పుడల్లా, మా షీల్డు తుడవడానికి గుడ్డ కావాలంటే మీ దగ్గర్నుంచే తెప్పిస్తా అన్నగారూ, మీ గుడ్డలు మంచివట అనేవాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకునేది.

గురువారం ఆరింటికే వెళ్ళాను. అద్దాలు తుడిపించాను, నేల కడిగించాను, కుండీలన్నీ తాడు కట్టి వరస సరిచేశాను. ఎలుకల బోనులు కూడా చూశాను; పదకొండేళ్ళుగా నా గ్లాస్‌హౌస్‌లలో ఎలుక మొహం చూసినవాడు లేడు. చివరికి మచ్చలక్క హౌసుకు వచ్చాను. తలుపు తీయగానే ఎదురుగా ఆ మొక్క కనబడింది. వరసంతా పచ్చగా నిలబడి ఉంటే అదొక్కటీ మూడు ఆకులు వేలాడేసుకుని ఉంది. గీతల లోపల ఆకు కాల్చిన కాగితంలా ఎండిపోయింది. ఆరేళ్ళలో ఆ హౌసులో ఒక్కరోజులో ఆకు అలా ఎండడం ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. ముందు ఎండినదాన్ని ముందు పీకెయ్, పక్కవాటికి అంటుతుంది అని నలభైమందికి నేర్పినవాణ్ణి. కమిటీ కన్ను మొదట పడేదీ దాని మీదే. పైగా ఎవర్నీ ముట్టుకోనివ్వద్దని కదా చెప్పింది, నేను ఎవరో పరాయివాణ్ణా అనుకున్నాను.

పీకేశాను. మట్టి దులిపి, వేరును ఆకుల్లోకి మడిచి, సంచిలో వేశాను. సంచిలో చోటు కలిసొస్తుందని నేను కనిపెట్టిన మడత అది, కేంద్రంలో ఇంకెవరూ అలా మడవరు. జబ్బు మొక్కలు బయటికి పోకూడదని వాటిని ఆవిరిలో ఉడికించే ఇనుప పీపా ఒకటి ఉంటుంది. తొమ్మిదింటికి ఆ సంచిని అందులో పెట్టించాను. ఖాళీ కుండీ అక్కడే ఉంచాను, నంబరు చీటీతో సహా. రిజిస్టరులో రాయకుండా కుండీ కదపకూడదన్న నియమం నాకు తెలుసు.

పదకొండింటికి ఆమె వచ్చింది. కంట్లో వేసిన మందుకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఖాళీ కుండీ ముందు చాలాసేపు నిలబడింది. వంగి మట్టిలో వేలు పెట్టి చూసింది. ఆ తర్వాత నన్ను చూసి, పొద్దున ఎవరైనా వచ్చారా అన్నయ్యా అని అడిగింది.

అప్పటికి నాకు ఆదివారం నాటి మాట గుర్తొచ్చింది. ఆమె మొహం చూడగానే గుర్తొచ్చింది. అయినా నా నోట్లోంచి వచ్చింది ఏమిటంటే, ఎవరూ రాలేదు, ఎలుక కొరికిందేమో అని.

"ఎలుకా" అంది.

ఆవిరి పీపా ఉన్న గదివైపు వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి, తడిగా ఉన్నాయి. కుర్చీ లాక్కుని రిజిస్టరు తెరిచి రాసింది. మధ్యాహ్నం కమిటీ వచ్చింది. శనివారం షీల్డు ప్రకటించారు, అది నాకే వచ్చింది.

ఆ వారమంతా ఊళ్ళో లేని డాక్టరమ్మ ఆ శనివారమే తిరిగొచ్చింది. ఆరువందల పద్నాలుగు ఏమైందని అడిగింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని షీల్డు చేత్తో పట్టుకుని అక్కడే ఉన్నాను, ఫోటో తీయించుకోవడానికి. నా చెల్లెలు నా వైపు చూడలేదు.

"నా చేతుల్లోంచి జారిందమ్మా. తెలీక తొక్కేశాను. నాకు చూపు సరిగ్గా ఆనట్లేదు. ఏడాదిగా ఇంతే" అంది.

డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు. ఆమెను ఒక్క మాట అనలేదు. కానీ తల పట్టుకుని కూర్చుంది. ఏడాదిగా చూపు ఆనని మనిషి చదివిన ఆకులు ఏం నమ్మాలి? లేదు అని రాసినవాటిలో ఎన్ని ఉండి ఉంటాయి? పైవాళ్ళకు ఏం చెప్పాలి? నెల తిరక్కుండా ఆ వెతుకులాట ఆపేశారు. ఆరేళ్ళ రిజిస్టర్లు అటక ఎక్కాయి. నా చెల్లెల్ని ఆకుల దగ్గర్నుంచి తీసి విత్తనాల గదిలో పెట్టారు. అక్కడ చేత్తో తడిమి చెత్త ఏరడమే పని. ఏడాదిన్నరకు ఆ నడిమి చూపు కూడా పోయింది, పనీ పోయింది. ఎలుక అని రాస్తే నాకు షీల్డు పోయేది. అన్న పీకాడని రాస్తే నా ఉద్యోగం పోయేది. ఆమె ఈ రెండూ రాయలేదు. తన కళ్ళ మీద వేసుకుంది. ఆ కేంద్రంలో అంత బాగా పని తెలిసిన కళ్ళు ఇంకొకరికి లేవు, వాటి మీద.

నేను నోరెత్తలేదు. ఆ రోజు ఎత్తలేదు, ఆ తర్వాతి పద్నాలుగేళ్ళూ ఎత్తలేదు. షీల్డు హాల్లో మేకుకు తగిలించాను. వచ్చినవాళ్ళకు చూపించి చెప్పుకున్నాను. ఆమె ఆ హాల్లోనే గోడకు ఆనుకుని కూర్చుని వింటుండేది. బాల్కనీలో డబ్బాల్లో టమాటా మొక్కలు పెట్టి ఇచ్చాను. వేళ్ళతో ఆకులు తడిమి, దీనికి నీళ్ళు తక్కువయ్యాయి, దీని అడుగున పురుగు గుడ్లున్నాయి అని చెప్పేది. ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

పోయిన ఏడు, ఆమె మంచం పట్టిన కొత్తలో, ఒక మధ్యాహ్నం ఆ షీల్డు ఒకసారి చేతికిమ్మంది. దించి ఇచ్చాను. అంచులు తడిమింది, అక్షరాల మీద వేలు నడిపింది, రెండు చేతులతో ఎత్తి చూసింది.

"ఇంతేనా అన్నయ్యా? నేను చాలా బరువుంటుందనుకున్నాను" అంది.

లోపల చెక్కే, పైన రేకు పూత అన్నాను. చివరికి అడిగాను, నీకెప్పుడు తెలిసిందని.

"నీ హౌసులో ఎలుకెక్కడిది అన్నయ్యా" అంది. షీల్డు ఒళ్ళో పెట్టుకుని, "సంచిలో నీ మడత చూశాను" అంది.

మరి ఎందుకు చెప్పలేదన్నాను.

"నా కళ్ళు ఎలాగూ పోయేవేగా. అప్పటికి నీకింకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది." అని షీల్డు నా చేతికిచ్చి, "మేకు వదులైనట్టుంది, చూసి తగిలించు" అంది.

అప్పుడైనా తప్పయిందని అనాల్సింది. నేను కాఫీ తాగుతావా అని అడిగాను. ఊఁ అంది. కాఫీ పెట్టి తెచ్చేసరికి నిద్రపోయింది. ఆ తర్వాత పందొమ్మిది రోజులు బతికింది. ఆ పందొమ్మిది రోజుల్లోనూ నేను అనలేదు. వడగళ్ళ వానలో రెండువేల కుండీలు మార్పించినవాణ్ణి, ఆ ఒక్క మాట కదపలేకపోయాను.

ఈ ఉత్తరం అందాక కేంద్రానికి వెళ్ళాను. ఆ విభాగంలో ఇప్పుడు వయసులో చిన్నదైన డాక్టరమ్మ ఉంది. జరిగిందంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, అటక మీది రిజిస్టర్లు తాను దింపించి చూశానంది. ఇప్పుడు ఆకు ఎండేదాకా ఆగక్కర్లేదట, కాపలావాడి జన్యువు ఉందో లేదో ఆకు తునక నుంచే చదువుతారట. పాత పొట్లాల్లో మిగిలిన విత్తనాలతో ఆరువందల పదమూడూ మళ్ళీ పరీక్షించారట. నా చెల్లెలు లేదు అని రాసిన ఒక్కదాంట్లో కూడా లేదట. ఎక్కడా ఒక్క తప్పు దొరకలేదట.

"ఆవిడ చదివిన ప్రతి మొక్క ఆకూ ఒకటి పుస్తకంలో అంటించేవారు తాతగారూ. ఎండిపోయినా పర్లేదు, చిటికెడు చాలు. ఆరువందల పద్నాలుగుది ఎక్కడైనా ఉందా?" అని అడిగింది.

చదివాకే కదమ్మా అంటించేది అన్నాను. పుస్తకం తెచ్చి చూపించింది. ఆరువందల పదమూడో పేజీలో ఆకు ఉంది, గోధుమరంగుకు తిరిగి, గీత కూడా కనబడుతూ. తర్వాతి పేజీలో నంబరు వేసి ఉంది, నాలుగు మూలలా జిగురు కాగితం ముక్కలు ముందే అతికించి ఉన్నాయి. బుధవారం సాయంత్రమే సిద్ధం చేసుకున్నట్టుంది.

రిజిస్టరులో ఆమె రాసిన వాక్యం కూడా చూశాను. "614: నా చూపు లోపం వల్ల నా చేతిలో పోయింది." కింద ఆమె పేరు, సంతకం. దాన్ని కొట్టేసి నిజం రాస్తానని అడిగాను. మూసేసిన రిజిస్టర్లు దిద్దడానికి నియమం ఒప్పుకోదన్నారు. నియమం సంగతి నాకు వేరే చెప్పక్కర్లేదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. పుస్తకంలో నా ఫోటో వేస్తామన్నారు, వద్దు. ఈ నాలుగు వాక్యాలు మాత్రం వదలకుండా వేయండి. ఆరువందల పద్నాలుగో కుండీలో మొక్కను పీకింది గ్లాస్‌హౌస్ మేస్త్రీ అయిన నేను. అది ఎండింది జబ్బుతో కాదు, జబ్బును ఆపడానికి. అది పోవడంలో నా చెల్లెలి చూపు లోపం ఏమీ లేదు. ఆమె చదివిన ఆకులన్నీ సరిగ్గానే చదివింది.